తొడుగు కింద ఉండిపోయిన ఎయిర్‌బ్యాగ్

ఆ సాయంత్రం కారులోంచి దిగి నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. తల తడుముకున్నాను. రక్తం లేదు. వెనక సీట్లోంచి మా చెల్లి కెజియా నా పాపని తీసి భుజాన వేసుకుంది. పాప గట్టిగా ఏడుస్తోంది. అంటే బాగానే ఉంది. "ఇటియ్యి" అని చేతులు చాచి పాపని అందుకున్నాను. గుండెకి ఆనించుకోబోయేసరికి ఊపిరి సగంలో ఆగిపోయింది. మొదట అది నొప్పిలా అనిపించలేదు. గదిలోకి అడుగు పెట్టబోతే లోపల ఎవరో తలుపుకి అడ్డంగా బీరువా పెట్టినట్టు, గాలి అంతవరకే వెళ్లి నిలిచిపోయింది. చేతుల్లో బలం తగ్గి పాప జారుతుంటే కెజియా పట్టేసుకుంది.

నాలుగు పక్కటెముకలు విరిగిన సంగతి తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒక్కటే. పాప నా చేతుల్లోంచి చెల్లి చేతుల్లోకి వెళ్లింది, వెళ్లి ఏడుపు ఆపింది.

మాది మల్కాజ్‌గిరి. మా వారు ప్రవీణ్ బేగంపేటలో ఒక ఆఫీసులో పని చేస్తారు. నేను కాలేజీ చదువయ్యాక కొన్నాళ్లు స్కూల్లో లెక్కలు చెప్పి, పాప హన్నా పుట్టాక మానేశాను. మొదటి నుంచీ నాకు భయాలెక్కువ. పాప పడుకుంటే ఛాతీ కదులుతోందా లేదా అని చేయి పెట్టి చూసేదాన్ని. కారు కొనేటప్పుడు కూడా రంగు, మైలేజీ పట్టించుకోలేదు. పక్కలకి ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా అనే అడిగాను. షోరూమ్‌లో కుర్రాడు ఓపికగా చెప్పాడు.

"ముంగట గుద్దితే బానెట్ ఉంటది మేడం, నలగనీకి జాగ ఉంటది. పక్కకెళ్లి గుద్దితే ఏముంటది? డోరు, దాని పక్కకి మీరు. నడుమ జానెడు జాగ. గందుకే పక్క బ్యాగులు జెర జల్ది తెరుచుకోవాలె."

అవి రెండు రకాలట. ఒకటి పైకప్పు అంచులోంచి కిటికీ మీదికి తెరలా దిగుతుంది, అది తలకి. ఇంకోటి ముందు సీటు వీపుభాగంలో, డోరు వైపు కుట్టులో దాగి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కుట్టు చీల్చుకుని వచ్చి మనకీ డోరుకీ మధ్య దిండులా నిలబడుతుంది. అది ఛాతీకి, తుంటికి. ఆ దిండు లేకపోతే లోపలికి నొక్కుకొచ్చిన డోరు నేరుగా పక్కటెముకల్ని తాకుతుంది. నేను ఇదంతా విని, ఇంటికొచ్చి మళ్లీ చదివి, మా వారిని ఒప్పించాను. ఆ రెండూ ఉన్న బండే తీసుకున్నాం.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. చాలా ఇళ్లలో ఉండేదే. కొత్త వస్తువు వస్తే దానికి తొడుగు వేస్తాం. ఫ్రిజ్ హ్యాండిల్‌కి తొడుగు, రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు, సోఫాకి తొడుగు, ఆ తొడుగు మాయకుండా దాని మీద టవలు. అసలు సోఫా రంగేమిటో మా అమ్మకి కూడా గుర్తుండదు. కారు రాగానే అమ్మ అడిగిన మొదటి మాట, "సీట్లకి ఏం వేయిస్తున్నారే?"

వేయించింది కెజియా. నా కంటే చిన్నది, పెళ్లి కాలేదు, తనూ బేగంపేటలోనే ఉద్యోగం చేస్తోంది. "నా గిఫ్ట్ అక్కా. హన్నా పాలు కక్కితే తుడిచేస్తే పోతది, అసలు సీటుకేం కాదు" అని, ఆదివారం చర్చిలో కారుకి ప్రతిష్ఠ ప్రార్థన ఉంది కాబట్టి దానికి ముందే వేయించాలని, శనివారం మధ్యాహ్నం రాణీగంజ్ తీసుకెళ్లి వేయించుకొచ్చింది. గోధుమరంగు రెక్సిన్, తెల్లదారం కుట్లు, ఎక్కడా ముడత లేకుండా బిగుతుగా అమిరింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు నేను కూర్చునే వైపు డోరు మీదే చేయి వేసి ప్రార్థన చేశారు. సంఘంలో ఆడవాళ్లు లోపలికి తొంగిచూసి, "సీట్లు భలే ఉన్నాయమ్మా, ఎవరి సెలక్షన్?" అన్నారు. "నాదేనండి" అంది కెజియా. అప్పుడే నాకు చిన్నగా గుచ్చుకుంది. బండి నాది, సెలక్షన్ తనది.

మామూలుగా నేను వెనక సీట్లో పాప పక్కన కూర్చుంటాను. ఆ రోజు హన్నా మొదటి పుట్టినరోజు గౌను కొనడానికి ఏ.ఎస్. రావు నగర్ వెళుతున్నాం. కెజియా వచ్చి, "నువ్వు ముందు కూర్చో అక్కా, ఒక్కరోజన్నా మహారాణిలా కూర్చో. దీన్ని నేను చూస్కుంటా" అని నా చోట్లో కూర్చుంది. పాప బండి నడుపుతున్న ప్రవీణ్ వెనక, పిల్లల సీట్లో. కెజియా సరిగ్గా నా వెనక. సిగ్నల్ పచ్చగా ఉంది, మేము కదిలాం. ఎడమ వైపు నుంచి నీళ్ల క్యాన్లు వేసుకున్న ట్రాలీ ఆటో ఆగకుండా వచ్చి నా డోరుని కొట్టింది. పెద్ద చప్పుడైంది, కిటికీ మీదికి తెల్లటి తెర దిగింది, టపాకాయ కాలిన వాసన వచ్చింది. తల ఆ తెరలోకి వెళ్లి మెత్తగా వెనక్కి వచ్చింది. నా ఎడమ పక్కన మాత్రం మెత్తనిదేదీ తగల్లేదు.

ఆసుపత్రికి ఆటోలో వెళ్లాం. మల్కాజ్‌గిరి దాటేలోపే మాట తెగిపోతోంది. క్యాజువాలిటీలో డాక్టర్ స్టెతస్కోప్ రెండు వైపులా పెట్టి విని, "లెఫ్ట్ సైడ్ ఎయిర్ ఎంట్రీ బాగా తగ్గింది" అని నర్సుకి చెప్పారు. ఎక్స్‌రే తీశారు. తర్వాత తలకీ ఛాతీకీ సీటీ స్కాన్.

"నాలుగు రిబ్స్ ఫ్రాక్చర్ అయ్యాయమ్మా. ఒకదాని కొస లంగ్‌కి గుచ్చుకుంది. గాలి లంగ్‌లోంచి బయటికొచ్చి ఛాతీలో చేరింది. న్యూమోథొరాక్స్ అంటాం. దానివల్ల లంగ్ ముడుచుకుపోయింది. ఐసీడీ వేసి ఆ గాలి తీసేస్తాం" అన్నారు. తర్వాత నా మొహం వైపు చూసి, "తలకి గీత కూడా లేదు. సీటీ బ్రెయిన్ నార్మల్, మెడ నార్మల్. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుందా?" అని అడిగారు.

"తెరుచుకుంది సార్" అన్నారు ప్రవీణ్.

"సీటుది?"

మా వారు ఆలోచించి, "చూసుకోలేదు సార్" అన్నారు.

ఐసీడీ అంటే పక్కటెముకల మధ్య నుంచి లోపలికి దూర్చే గొట్టం. దాని రెండో కొస మంచం కింద నీళ్లున్న సీసాలో ఉంటుంది. నేను ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు వచ్చేవి. బుడగలు ఆగితే లోపలి చిల్లు పూడినట్టు. కారులో నా పక్కన నిండాల్సిన గాలి నిండలేదు, ఛాతీలో నిండకూడని చోట నిండింది. ఆ సీసా చూస్తూ పడుకుని ఇదే అనుకునేదాన్ని.

ఒక రోగ లక్షణం గురించి ఏ డాక్టరూ చెప్పలేదు. కనుక నేను రాస్తున్నాను. అది ఈర్ష్య. మంచం మీద కదలలేకుండా పడుకున్న మనిషికి కదిలే ప్రతి మనిషి మీదా వస్తుంది. ఆవలించే నర్సు మీద వచ్చింది, ఎందుకంటే నేను ఆవలించలేను. తుమ్మిన వార్డ్‌బాయ్ మీద వచ్చింది. చివరికి నా తల మీద నాకే వచ్చింది. దానికి తెర దొరికింది, నా ఎముకలకి ఏదీ దొరకలేదు.

పక్క మంచం మీద యాదమ్మ గారని పెద్దావిడ. మెట్ల మీద నుంచి పడింది. ఆమెకీ ఐసీడీయే. ఒక పొద్దున ఆమె సీసాలో బుడగలు ఆగిపోయాయి. నేను అటే చూస్తున్నానేమో, గమనించింది.

"ఏందీ బిడ్డా, నా సీసా దిక్కు గట్ల జూస్తున్నవ్?"

"మీవి ఆగిపోయాయి కదా."

"ఆగినయ్. నీవి సుత ఆగుతయ్. జెర దిష్టి మాత్రం వెట్టకు, మల్ల షురూ అయితయ్."

నవ్వబోయాను. నవ్వితే పక్కటెముకలు నలిగినట్టయింది. ఆవిడ గొట్టం తీసేసి ఇంటికి పంపించారు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నీ పిల్ల నీకే దొరుకుతది, పరేషాన్ గాకు" అంది. పిల్ల సంగతి నేనెప్పుడూ ఆవిడతో అనలేదు. ఫోన్లో నేను మాట్లాడేవి విని ఉంటుంది.

పాపని వార్డులోకి రానివ్వరు. వీడియో కాల్‌లోనే చూసేదాన్ని. అంతవరకూ హన్నా నా పాలే తాగేది. ఆసుపత్రిలో పాలు చేపుకొచ్చి రాయిలా గట్టిపడేవి. గొట్టం ఎడమ వైపు, సలపరం రెండు వైపులా. "పిండి పారబొయ్యాలె మేడం, లేకపోతే గడ్డ కడ్తది" అనేది నర్సు. నొప్పి ఇంజెక్షన్లు నడుస్తున్నన్నాళ్లూ ఆ పాలు పాపకి వద్దన్నారు. నర్సు స్టీలు గిన్నె పట్టుకుని సింకులో ఒంపడం తెర సందులోంచి కనిపించేది. అదే సమయానికి మా ఇంట్లో కెజియా సీసాతో పాలు పడుతూ ఉండేది. తన ఆఫీసులో సెలవు పెట్టి మా ఇంటికొచ్చి ఉంటోంది. అమ్మ ఫోన్లో రోజూ మెచ్చుకునేది.

"చెల్లెలు లేకపోతే ఏమయ్యేదానివే? ఒక్క క్షణం కింద దించట్లేదు పిల్లని. దీని చెయ్యి తగిలితేగానీ పడుకోవట్లేదంటే నమ్ము."

నమ్మాను. అదే బాధ.

ఒక సాయంత్రం కాల్‌లో చూశాను. కెజియా ఒంటి మీద నా నైటీ. నీలం రంగుది, చిన్న తెల్లపూలు, కుడిచేతి దగ్గర ఇస్త్రీ పెట్టె అంటుకుని మాడిన మచ్చ. పాప దాని మెడలో మొహం పెట్టి పడుకుని ఉంది.

"అది నాది కదూ?"

కెజియా చూపు తిప్పుకుని, "నావి ఆరలేదక్కా" అంది.

ఆరకపోవడానికి అది వానాకాలం కాదు. ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగాను. నా చోట్లో కూర్చుంది, నా ఇంట్లో ఉంటోంది, నా బట్టలు కట్టుకుంది, నా పిల్లని ఎత్తుకుంది. ఒకే కారు, ఒకే వైపు, చేయి చాపితే తగిలేంత దూరం. నాకు నాలుగు ఎముకలు, దానికి జుట్టులో కాసిన్ని గాజు పలుకులు. దెబ్బ ముందు డోరుకే తగిలిందనీ, కర్టెన్ వెనక సీటు దాకా దిగి దాని తలనీ కాపాడిందనీ నాకు తెలుసు. తెలిసినా ఆ గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు అదేమీ ఉపయోగపడలేదు.

గొట్టం తీసేస్తారనుకున్న రోజే జ్వరం వచ్చింది. దగ్గితే నొప్పని నేను దగ్గు మింగేస్తూ వచ్చాను. కఫం అడుగున పేరుకుంది. "లెఫ్ట్ లోయర్ లోబ్‌లో న్యుమోనియా మొదలైంది. యాంటీబయాటిక్ మారుస్తాం. మీరు దగ్గాలమ్మా, మందు ఒక్కటే సరిపోదు" అన్నారు డాక్టర్. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక చిన్న దిండు తెచ్చి నా ఎడమ పక్కన పెట్టింది.

"దీన్ని గట్టిగ హత్తుకోండి మేడం. హత్తుకొని దగ్గుండ్రి. ఎముకకి ఆసరా ఉంటది, తక్లీఫ్ తక్కువైతది."

హత్తుకుని దగ్గాను. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఎముక కదల్లేదు. ఆ రోజు కారులో రావలసిన దిండు ఇన్నాళ్లకి వచ్చింది అనుకున్నాను. ఆ అమ్మాయే మూడు బంతుల స్పైరోమీటర్ కూడా ఇచ్చింది. మూడు ప్లాస్టిక్ గొట్టాల్లో మూడు రంగుల బంతులు. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. నాకు ఒక్కటి కూడా లేవలేదు. అడుగున కొద్దిగా వణికింది, అంతే.

ఆ వారంలోనే ప్రవీణ్ ఇన్సూరెన్స్ పని మీద వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చారు. మంచం పక్కన కూర్చుని చాలాసేపు నా కాళ్లు ఒత్తుతూ ఉండిపోయారు.

"ఏమైందండీ?"

"సీటులో బ్యాగు పేలింది షారోన్. తెరుచుకుంది. కానీ సీటు కవరు లోపలే ఉబ్బింది. పక్క కుట్టు ఊడలేదు. బయటికొచ్చే దారి లేక వెనక్కి తన్నుకుని పోయింది. సర్వీసతను చూపించాడు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి చిన్న గుడ్డ ట్యాగు ఉంటుందట. అది కూడా కవరు కిందే ఉంది."

నేను ఎడమ పక్కన చేయి వేసుకున్నాను.

"బ్యాగుల సీట్లకి వేరే కవర్లు ఉంటాయట. ఆ పక్కన తేలిగ్గా చిరిగే కుట్టు వేస్తారు, లేదా ఆ భాగం వదిలేస్తారు. మనమెవరం అడగలేదు, షాపువాడూ చెప్పలేదు." నా కాళ్ల మీద దుప్పటి సర్దుతూ, "కెజియాకి చెప్పకు. పాపం, ప్రేమతో వేయించింది" అన్నారు.

మర్నాడు డాక్టర్‌ని అడిగాను. ఆ బ్యాగు సరిగ్గా వచ్చి ఉంటే నాకు ఇదంతా ఉండేది కాదా అని. ఆయన ఎక్స్‌రే కవర్లో పెడుతూ, "ఏమీ అయ్యేది కాదని నేను చెప్పలేనమ్మా. ఒకటో రెండో విరిగేవేమో. కానీ దెబ్బ ఒక్కచోట కాకుండా అంతటా పరుచుకునేది. దాని పనే అది. తలకి కర్టెన్ చేసింది చూశారుగా" అన్నారు.

ప్రవీణ్ చెప్పకన్నారు కాబట్టి నేను చెప్పలేదు. మంచితనంతో కాదు. ఆ మాట నా దగ్గర ఉండటం నాకు ఇష్టంగా ఉండేది. వీడియోలో పాప దాని మెడ కరుచుకుని పడుకున్నప్పుడల్లా లోపల అనుకునేదాన్ని, నా దగ్గర ఒక మాట ఉంది, అన్నానంటే నువ్వు తట్టుకోలేవు.

జ్వరం తగ్గింది. బుడగలు ఆగాయి. గొట్టాన్ని క్లాంప్‌తో కాసేపు మూసి చూసి, మళ్లీ ఎక్స్‌రే తీసి గొట్టం తీసేశారు. ఇంటికి పంపుతూ డాక్టర్ ఒకటి గట్టిగా చెప్పారు. "బరువులు ఎత్తకూడదు. పాపని అసలే ఎత్తకూడదు. కూర్చున్నప్పుడు ఎవరైనా ఒళ్లో పెడితే సరే."

ఎవరు పెట్టినా ఒళ్లో ఉండాలి కదా. గుమ్మం దగ్గర కెజియా చంకలో ఉన్న హన్నా నన్ను చూసి, ఒక్క క్షణం తేరిపార చూసి, మొహం తిప్పి దాని మెడలో దాచుకుంది. బలవంతాన ఒళ్లో పెడితే కాళ్లు తన్నింది, ఆ కాలు నా ఎడమ పక్కన తగిలింది. పాలకి ప్రయత్నించాను. నోరు ఆనించి, వాసన చూసినట్టు చూసి, వెనక్కి వంగి ఏడ్చింది.

"పసిదానికేం తెలుసే, నాలుగు రోజుల్లో అదే వస్తుంది" అంది అమ్మ.

అది వచ్చింది బంతుల కోసం. రోజూ హాల్లో కుర్చీలో కూర్చుని స్పైరోమీటర్ పీలుస్తుంటే ఒక మధ్యాహ్నం మొదటి బంతి టక్కున లేచింది. కెజియా ఒళ్లోంచి హన్నా "బా" అంది. దిగి, పాకుతూ వచ్చి, నా మోకాలు పట్టుకుని నిలబడి బంతి వైపు చూసింది. మళ్లీ పీల్చాను. మళ్లీ లేచింది. నవ్వింది. ఆయాసం వస్తున్నా ఆపలేదు. రెండో బంతి కూడా లేచిన రోజు చప్పట్లు కొట్టింది. కానీ నేను ఆ పైపు కింద పెట్టగానే వెనక్కి పాకిపోయేది. దాని లెక్కలో నేను బంతుల దగ్గర కూర్చునే ఆవిణ్ణి.

ఒక మధ్యాహ్నం పాప నిద్ర వేళ. హన్నా నడక నేర్చుకుంటూ సోఫా అంచుకి గడ్డం కొట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి చాచాను. నా చెయ్యి దాటుకుని, ఏడుస్తూ వెళ్లి, గది గుమ్మంలో నిలబడ్డ కెజియా కాళ్లు చుట్టేసింది. కెజియా ఒంటి మీద మళ్లీ నా నీలం నైటీ. ఎత్తుకుంది. ఏడుపు ఆగింది. అచ్చం ఆ సాయంత్రం రోడ్డు మీద ఆగినట్టే ఆగింది.

ఇక దాచుకోలేననుకున్నాను. "కెజీ" అన్నాను.

అది నా మొహం చూసింది. "కవర్ల సంగతేనా?" అంది.

అవునన్నట్టు తలాడించాను.

"నాకు తెల్సక్కా. పాప సీటు తెద్దామని మొదట్లోనే వర్క్‌షాప్‌కి పోయిన. నీ సీటు చూపించమన్నా. చూసిన." పాప వీపు నిమురుతూనే ఉంది. "బావ నాకు చెప్పొద్దని అందరికీ చెప్తుంటే నాకే నవ్వొచ్చింది. నువ్వు ఎప్పుడంటావా అని రోజూ ఎదురుచూస్తున్న. అనెయ్యక్కా. నువ్వు అనకుండా నన్ను గిట్ల చూస్తుంటే ఇంకా తక్లీఫుంది."

అన్నాళ్లు దాచుకున్న మాట నోటిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరేది.

"ముందు నా నైటీ విప్పు."

కెజియా ఒక్క నిమిషం బిత్తరపోయి చూసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది దానికి, కళ్లలో నీళ్లతోనే. "విప్పితే ఇది పడుకోదు" అంది.

"నీది వేసుకుంటే పడుకోదా?"

"నాదైతే పడుకునేదే ఉంటే నేనెందుకు నీ మాడిపోయిన నైటీ వేసుకుంటా అక్కా? మొదటి రోజు ఎంత చేసినా ఆపలేదు. నేను ఎత్తుకున్నా, అమ్మ ఎత్తుకున్నా, బావ ఎత్తుకున్నా. ఆ రోజు బయల్దేరే ముందు నువ్వు ఇది విప్పి కుర్చీ మీద పడేసిపోయినవ్ కదా. ఊరికే దాని మొహానికి ఆనించిన. టక్కున ఆపింది. అప్పట్నుంచి ఇది పడుకునే టైముకే వేసుకుంటున్న. లేవగానే విప్పి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేస్తున్న, వాసన పోకుండా. ఇన్నాళ్లు ఉతకలే. అమ్మ రెండుసార్లు తిట్టింది కంపు కొడ్తుందని."

దగ్గరికి రమ్మన్నాను. దాని భుజం మీద గుడ్డ పట్టుకుని వాసన చూశాను. పుల్లబడిన పాలు, కొబ్బరినూనె, చెమట. నేనే. ఆసుపత్రికి ముందు నేను. నా చేతులు వాసన చూసుకున్నాను. నొప్పి స్ప్రే, బెటాడిన్, ఆసుపత్రి సబ్బు. ఇన్నాళ్లూ నా పిల్ల నన్ను వెతుక్కుంటూనే ఉంది. నేను ఉన్నచోటికే వెళుతోంది. ఆ చోటు కెజియా ఒంటి మీద ఉంది, నా ఒంటి మీద లేదు.

కెజియా లోపలికెళ్లి బట్టలు మార్చుకుని, ఆ నైటీ తెచ్చి నాకు తొడిగింది. ఎడమ చెయ్యి పైకెత్తలేను కాబట్టి చిన్నపిల్లకి తొడిగినట్టు తొడిగింది. నన్ను మంచం మీద పడుకోబెట్టి, నా కుడి వైపు పాపని పెట్టింది. హన్నా ఒకసారి నా మొహం చూసింది, తర్వాత మెడ దగ్గరికి ముక్కు తెచ్చింది, అక్కడే ఉండిపోయింది. కెజియా గుమ్మంలోనే నిలబడింది. దాని చేతులు ఖాళీగా ఉన్నాయి, ఏం చేయాలో తెలియనట్టు. అది చూస్తే మొదటిసారి నా ఈర్ష్య కొంచెం సిగ్గుపడింది. పూర్తిగా పోలేదు.

"నువ్వు అనాల్సింది అననే లేదు" అంది.

"అక్కర్లేదులే. షాపుకి నీతో వచ్చుంటే నేను మాత్రం అడిగేదాన్నా? ఎయిర్‌బ్యాగుల గురించి అంత చదివినదాన్ని, కవర్లు చూసి బాగున్నాయనే అన్నాను."

పాలు మళ్లీ రాలేదు. ప్రయత్నించాను, డాక్టర్ని అడిగాను, మందు వాడాను, ఎండిపోయాయి. దాని గురించి ఇంకేమీ రాయను. చివరి ఎక్స్‌రే చూసి "లంగ్ పూర్తిగా ఎక్స్‌పాండ్ అయింది, ఫ్రాక్చర్లు అతుక్కున్నాయి, ఇక పాపని ఎత్తుకోవచ్చు" అన్న రోజు ఆసుపత్రి మెట్ల దగ్గరే ఎత్తుకున్నాను. కెజియా నా పక్కన రెండు చేతులూ కింద చాపి నిలబడింది, జారితే పట్టుకోవడానికి. జారలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఎడమ వైపు పడుకుంటే కొంచెం నలుగుతుంది. హన్నా నిద్రపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. కారు తిరిగొచ్చింది. కొత్త సీటు, కొత్త బ్యాగులు. తొడుగులు లేవు. అసలు సీటు మీద ఇప్పటికే పాల మరకలు, బిస్కెట్ పొడి. అమ్మ ఎక్కినప్పుడల్లా గొణుగుతుంది, "బంగారం లాంటి సీట్లు, చూడు ఎలా చేశారో." గొణగనివ్వండి. సాయంత్రం కెజియా ఆఫీసు నుంచి వస్తే గేటు చప్పుడుకే హన్నా నా ఒళ్లోంచి దిగి పరిగెడుతుంది. ఆ పరుగు చూస్తే నాకు ఇంకా మండుతుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మీకు నేను చెప్పేది ఒక్కటే. మీ కారులో ముందు సీటు పక్కన, డోరు వైపు, వీపు ఆనే భాగం అంచున వేలితో తడిమి చూడండి. ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగు మీ వేలికి తగలాలి. తగలకుండా ఏదైనా తొడుగు కప్పేసి ఉంటే, ఎంత ఇష్టపడి వేయించినదైనా, ఎవరు ఇచ్చినదైనా, ఈ రోజే తీసేయండి. తొడుగు కావాలనుకుంటే బ్యాగులున్న సీటు కోసం తయారుచేసినదే అడిగి తీసుకోండి.

మొన్న ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే వెనక సీటు కోసం మేమిద్దరం మళ్లీ పోట్లాడుకున్నాం. నేనే గెలిచాను, పాప పక్కన కూర్చున్నాను. కెజియా ముందుకెళ్లి, కూర్చునే ముందు సీటు పక్కన వేలు పెట్టి తడిమింది. ట్యాగు తగిలాక నా వైపు తిరిగి చూసింది. నేను తల ఊపాను. అప్పుడు డోరు వేసుకుంది.